విదేశములలో లోహశోధన: చట్టమును, క్షేమమును

భూమిలో పాతిపెట్టిన ధనమును గూర్చిన కథలు విననివారు తెలుగునాట నరుదు. లంకెబిందెలు దొరకి యొక్క రాత్రిలో భాగ్యవంతుడైన కాపు కథయు, నిధికి కావలియున్న పాము కథయు ముసలివారు చెప్పగా మనమందరము వినియున్నాము. ఆ కథలు నిధి దొరకుటతో ముగియును. లోకమునందు మాత్రమట్లు గాదు. వస్తువు చేతికి తగిలిన క్షణమునుండియే చిక్కులు మొదలగును. ఆ నేల యెవరిది? ఆ వస్తువెవరిది? త్రవ్వినవానికి దానిని తీసికొనిపోవు హక్కు కలదా? లోపలనున్నది బంగారు నాణెమా, లేక ప్రేలక మిగిలిన ఫిరంగి గుండా? ఈ ప్రశ్నలను లెక్కచేయక త్రవ్వినవారిలో కొందరు చెరసాల పాలైరి. కొందరు ప్రాణములనే కోల్పోయిరి.

ఇంగ్లండు మొదలగు దేశములలో, లోహములను కనిపెట్టు యంత్రమును చేతబట్టి కోత కోసిన పొలములందును సముద్రతీరములందును తిరుగుట వేలకొలది జనులకు సెలవుదినపు వినోదము. మన విద్యార్థులలో ననేకులు పైచదువులకై యా దేశములకు పోవుచున్నారు. ఇచటినుండి పోయి యచట స్థిరపడిన కుటుంబములును పెక్కు కలవు. ఇంగ్లండులో నా యంత్రమును అంగడికి పోయి యెవరైనను కొనవచ్చును. కొనుటకు అనుమతి యక్కరలేదు గనుక వాడుటకును అక్కరలేదని తలచుట సులభము. ఆ తలంపు సరికాదు. ఏల సరికాదో, చట్టము లట్లేల యేర్పడెనో, దేహక్షేమమునకై యెట్టి జాగ్రత్తలు వలయునో మేమీ వ్యాసమున వివరింపదలచితిమి.

యంత్రము చెప్పునది, చెప్పలేనిది

ఈ యంత్రమును మెటల్ డిటెక్టరందురు. పొడవైన కాడ చివర పళ్లెము వంటి భాగము కలదు. దానిలో రాగితీగ చుట్టబడియుండును. ఆ చుట్టలో దిక్కు మార్చుకొనుచు విద్యుత్తు ప్రవహించినప్పుడు క్రింది నేలలో అయస్కాంత క్షేత్రము కలుగును. నేలలో లోహపు ముక్క యున్నచో దానియందు సుడులవంటి చిన్న విద్యుత్ప్రవాహములు పుట్టును. అవి తమ వంతున మఱియొక బలహీనమైన క్షేత్రమును కలిగించును. యంత్రము దానిని పసిగట్టి, పట్టుకొనినవాని చెవికి కూత వినిపించును.

టెలిఫోనును నిర్మించిన అలెగ్జాండరు గ్రాహం బెల్ 1881 లో ఇట్టి సాధనము నుపయోగించి, అమెరికా అధ్యక్షుడు గార్ఫీల్డు దేహములో చిక్కిన తుపాకిగుండు జాడ తెలిసికొన ప్రయత్నించెను. ఆ ప్రయత్నము ఫలింపలేదు. పరుపులోని యుక్కుతీగలు యంత్రమును తికమక పెట్టుట యందుకొక కారణమని చెప్పుదురు. రెండవ ప్రపంచయుద్ధ కాలమున పోలండు దేశపు సైనికాధికారి యూజెఫ్ కొసాత్స్కి బ్రిటనులో నుండి, నేలలో పాతిన మందుపాతరలను కనిపెట్టు యంత్రమును రూపొందించెను. 1942 లో ఎల్ అలమీను యుద్ధమున నవి సైనికులకు దారి చూపినవి. నేటి వినోదయంత్రములు వాని సంతతివే.

ఈ చరిత్రలో నొక బుద్ధి కలదు. యంత్రము "ఇచట లోహమున్నది" అని మాత్రమే చెప్పును. మంచి యంత్రములు ఇనుమునకును వెండికిని గల భేదమును కొంతవరకు సూచించును గాని, ఆ లోహము పురాతన నాణెమా, విద్యుత్తు పారు తీగయా, యుద్ధమున ప్రేలక మిగిలిన గుండా యని నిశ్చయముగా చెప్పజాలవు. అది యెవరి సొత్తన్న మాట చెప్పు యంత్రము లోకమున లేనేలేదు. ఆ మాట చెప్పునది చట్టము.

ఇంగ్లండు దేశపు చట్టము

మొదటి సంగతి నేలను గూర్చినది. ఇంగ్లండులో యజమాని లేని నేల యుండదు. పొలము రైతుదో భూస్వామిదో యగును. ఊరిలోని తోట పురపాలక సంఘముది యగును. కంచె లేనంత మాత్రమున, బాటసారులు నడచు దారి యున్నంత మాత్రమున త్రవ్వుటకు హక్కు కలుగదు. యజమాని యనుమతి ముందుగా పొందవలెను; అది వ్రాతమూలకముగా నుండుట మేలు. అనుమతి లేక త్రవ్వి వస్తువును తీసికొనిపోయినచో నది దొంగతనమే యగును. రాత్రులందు దొంగచాటుగా త్రవ్వువారి కచట "నైట్‌హాకు" లను పేరు కలదు. అనగా రాత్రివేళ తిరుగు డేగలని యర్థము.

రెండవది రక్షిత ప్రదేశములను గూర్చినది. పురాతన కోటలు, సమాధులు, రోమను కాలపు కట్టడముల శిథిలములు మొదలగువానిని ప్రభుత్వము పట్టికలో చేర్చి కాపాడుచున్నది. 1979 నాటి చట్టము ప్రకారము, ప్రత్యేకానుమతి లేక యా స్థలములలో యంత్రమును ఉపయోగించుటయే నేరము. అచట రైతు సమ్మతించినను చాలదు.

మూడవది దొరకిన వస్తువును గూర్చినది. 1996 లో చేయబడి 1997 నుండి యమలులోనున్న నిధి చట్టము ఇంగ్లండు, వేల్సు, ఉత్తర ఐర్లండులకు వర్తించును. 300 సంవత్సరములు దాటి, బరువులో పదవవంతైనను బంగారమో వెండియో కల వస్తువు నిధి యనబడును. ఒంటరి నాణెము సాధారణముగా నిధి కాదు. కాని అంత పాతవియైన రెండు వెండి బంగారు నాణెములు గాని, పది యితర లోహపు నాణెములు గాని యొక్కచోట దొరకినచో నిధియే. 2023 నుండి, 200 సంవత్సరములు దాటి చరిత్రకు మిక్కిలి ముఖ్యమైన లోహవస్తువులును ఈ లెక్కలో చేరినవి.

అట్టి వస్తువు దొరకినవాడు 14 దినములలోగా కారొనరను అధికారికి తెలియజేయవలెను. అనుమానాస్పదమైన మరణములను విచారించు నధికారి యితడే. నిధుల విచారణయు పూర్వకాలము నుండి యితని పనియే. తెలుపక దాచినవానికి మూడు మాసముల వరకు చెరసాల గాని, జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. తెలిపినవాని కేమగును? నిపుణులు వస్తువునకు వెల కట్టుదురు. ఏదేని మ్యూజియము దానిని కోరినచో నా వెలను చెల్లించును. అది సాధారణముగా కనుగొనినవానికిని నేల యజమానికిని పంచబడును. ఏ మ్యూజియమును కోరనిచో వస్తువు తిరిగి వచ్చును. కావున నిజము చెప్పినవానికి చట్టము శత్రువు గాదు.

నిధి లెక్కకు రాని చిన్న వస్తువులను కూడ తమంతట తాము చూపువారికై, బ్రిటిష్ మ్యూజియము పర్యవేక్షణలో 1997 నుండి యొక నమోదు పద్ధతి నడచుచున్నది. బొత్తాములు, కట్టుపిన్నులు, విడినాణెములు మొదలగునవి 15 లక్షలకు పైగా నందులో నెక్కినవి. విదేశీయులు ముఖ్యముగా గుర్తుంచుకొనవలసిన మాట మఱియొకటి కలదు. ఆ దేశపు నేలలో దొరకి 50 సంవత్సరములు దాటిన పురావస్తువును దేశము వెలుపలికి కొనిపోవలెనన్న ఎగుమతి యనుమతి కావలయును. జ్ఞాపకార్థముగా జేబులో వేసికొని విమానమెక్కుట తగదు.

సుత్తి వెదుకబోగా దొరకిన పెట్టె

చట్టమింత పట్టుదలగా నుండుటకు కారణమేమి? బంగారముపై ప్రభుత్వమునకు గల యాశయే యని కొందరందురు. అది సరికాదని ఈ క్రింది సంగతి తెలుపును.

1992 నవంబరులో సఫోకు మండలములోని హాక్స్‌ని గ్రామమున నొక రైతు తన పొలములో సుత్తిని పోగొట్టుకొనెను. అతని స్నేహితుడును, పని విరమించిన తోటమాలియునైన ఎరిక్ లాస్ దానిని వెదకుటకు తన యంత్రముతో పోయెను. యంత్రము కూసినచోట త్రవ్వగా వెండి గరిటెలును బంగారు నాణెములును బయటపడెను. అతడు కొన్నింటిని తీసిన పిమ్మట త్రవ్వుట నాపి, సంగతిని తెలియజేసెను. మఱునాడు పురావస్తు శాస్త్రజ్ఞులు వచ్చి, మిగిలినదానిని మన్నుతో కూడ క్రమముగా తీసిరి. మొత్తము 14,000 లకు పైగా రోమను నాణెములును, సుమారు 200 వెండి బంగారు వస్తువులును లభించెను.

తొందరపడి పెకలించియుండినచో నాణెములు మాత్రమే మిగిలియుండెడివి. ఓపికతో తీసినందున, ఓకు కఱ్ఱ పెట్టె యానవాళ్లును, దానిలోని చిన్న పెట్టెల వెండి తాళములును, వస్తువుల నడుమ మెత్తగా పెట్టిన గడ్డి జాడలును తెలియవచ్చెను. అనగా, ఒక సంపన్న కుటుంబము మరల వచ్చి తీసికొనగలమన్న యాశతో, తొందర లేక పొందికగా సర్ది పాతిపెట్టినదని తేలెను. కడపటి నాణెములు 407, 408 సంవత్సరముల నాటివి. రోమను ప్రభుత్వము బ్రిటనును విడిచిన కాలమదియే. ఒక్క పెట్టె యమరికలో నొక సామ్రాజ్యపు చివరి దినములు కానవచ్చినవి. లాసునకు 17,50,000 పౌనులు బహుమానముగా లభింపగా, అతడు దానిని రైతుతో పంచుకొనెను. పోయిన సుత్తియు దొరకినది. అదియు బ్రిటిష్ మ్యూజియమునకే చేరినది.

ఒక్క యేటనే రెండు నిధులు

2015 లో జరిగిన రెండు సంగతులను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో విషయము మఱింత స్పష్టమగును. రెండింటిలోను దొరకినవి యించుమించు 879 ప్రాంతమున పాతిన నాణెములు. వెసెక్సు రాజైన ఆల్ఫ్రెడును, పొరుగు రాజ్యమైన మెర్సియాకు రాజైన రెండవ చెయొల్‌వుల్ఫును వైకింగుల దండయాత్రల నెదుర్కొనిన కాలమది.

ఆక్స్‌ఫర్డు మండలములోని వాట్లింగ్టను వద్ద అక్టోబరు నెలలో నొకనికి సుమారు 200 నాణెములతో కూడిన నిధి దొరకెను. అతడు వెంటనే తెలియజేసెను. మంటిగడ్డతో సహా దానిని పైకెత్తి బ్రిటిష్ మ్యూజియమునకు కొనిపోయి, అచట నెమ్మదిగా విడదీసిరి. ఆక్స్‌ఫర్డులోని యాష్మోలియను మ్యూజియము 2017 లో 13,50,000 పౌనులకు దానిని కొనెను.

అదే సంవత్సరము జూనులో, హెరిఫర్డు మండలములోని లెమ్‌స్టరు సమీపమున, ఇద్దరు మనుష్యులు యజమాని యనుమతి లేకయే త్రవ్వి, బంగారు కంకణమును, ఉంగరమును, స్ఫటికపు పతకమును, నాణెముల రాశిని తీసిరి. నాణెములు సుమారు 300 ఉండెనని విచారణలో తేలెను. వారు కొన్ని నగలను మాత్రము చూపి, నాణెములను దాచి, వర్తకుల మూలముగా నమ్మజూచిరి. వారు తమ సెల్‌ఫోనునుండి చెరిపివేసిన ఛాయాచిత్రములను పోలీసులు తిరిగి తీసిరి, అవియే సాక్ష్యమైనవి. 2019 నవంబరులో న్యాయస్థానము వారికి 10 సంవత్సరములును, 8½ సంవత్సరములును చెరసాల విధించెను. పై న్యాయస్థానము తరువాత వానిని 6½, 5 సంవత్సరములకు తగ్గించెను. వర్తకులకును శిక్ష తప్పలేదు.

నాణెములలో ప్రభుత్వమునకు చిక్కినవి 31 మాత్రమే. మిగిలినవి చెల్లాచెదరై పోయినవి. పోయినది ధనము మాత్రమే కాదు. చెయొల్‌వుల్ఫును వైకింగుల చేతిలోని కీలుబొమ్మయని వెసెక్సువారు వ్రాసిన చరిత్ర చులకన చేసినది. ఈ నాణెములు ఆ యిరువురు రాజులు నొకే ముద్రతో నాణెములు వేయించిరనియు, కొంతకాలము మిత్రులై యుండిరనియు తెలుపుచున్నవి. వాట్లింగ్టను నిధి యీ సాక్ష్యమును నిండుగా నిచ్చినది. లెమ్‌స్టరు వద్ద దొరకినదానిలో పదింట తొమ్మిది వంతుల నాణెములు మాటాడక మునుపే మూగబోయినవి. నాణెమును మరల కొనవచ్చును గాని, అది యేయే నాణెములతో కలిసి, యెంత లోతున, యెట్లుండెనో యను సంగతి యొకసారి చెరిగినచో నెవరును కొనితేలేరు. చట్టము కాపాడునది ముఖ్యముగా దీనినే.

ఇతర దేశములు

ఒక దేశపు చట్టమును నేర్చి మఱియొక దేశమున వర్తించునని తలచరాదు. ఇంగ్లండునుండి సన్నని సముద్రమును దాటి ఐర్లండులో దిగినచో, ప్రభుత్వ సమ్మతి లేక పురావస్తువులకై యంత్రముతో వెదకుటయే నేరము. 1980 లో టిప్పరేరి మండలములోని డెరినాఫ్లను అను ప్రాచీన మఠస్థలమున తండ్రికొడుకులు యంత్రముతో నొక వెండి పాత్రను, తదితర పూజాద్రవ్యములను కనుగొనిరి. అవి యెవరివన్న వివాదము సుప్రీము కోర్టు వరకు పోయెను. అట్టి నిధులు దేశప్రజలందరి సొత్తని 1987 లో తీర్పు వచ్చెను. 1987, 1994 సంవత్సరముల చట్టముల మూలముగా ఐర్లండు తన నిబంధనలను బిగించినది.

ఫ్రాన్సులో 1989 నాటి చట్టము ప్రకారము, చారిత్రక వస్తువులకై యంత్రముతో వెదకుటకు ప్రభుత్వాధికారి యనుమతి వలయును. స్వీడనులోను ముందుగా అనుమతి పొందవలసియున్నది. డెన్మార్కు మార్గము వేఱు. అచట యజమాని సమ్మతితో, రక్షిత స్థలములు కానిచోట్ల వెదకవచ్చును గాని, నిధివస్తువులను జాతీయ మ్యూజియమునకు చేర్చవలెను. ఈ యాచారమునకు 1241 నాటి జట్లండు ధర్మశాస్త్రమే మూలము. నార్వేలో 1537 కు పూర్వపు వస్తువులును, 1650 కు పూర్వపు నాణెములును ప్రభుత్వమువే. అమెరికాలో జాతీయోద్యానములలోనికి యంత్రమును వాడుటకై కొనిపోవుటయే నిషిద్ధము. అచట కేంద్రప్రభుత్వ భూములలోను, ఆదివాసుల భూములలోను 100 సంవత్సరములు దాటిన పురావస్తువులను అనుమతి లేక త్రవ్వుట 1979 నాటి చట్టము ననుసరించి నేరము.

ప్రాణభయము

చట్టమును మీరినవాడు స్వేచ్ఛను కోల్పోవును. జాగ్రత్తను మీరినవాడు ప్రాణమునే కోల్పోవచ్చును. మొదటి ప్రపంచయుద్ధమున ఫ్రాన్సు, బెల్జియము దేశముల నేలపై కురిసిన ఫిరంగిగుండ్లలో ననేకము ప్రేలక మట్టిలో దిగబడినవి. ఇప్పటికిని రైతులు దున్నునప్పుడు నాగలికి తగులుచునే యున్నవి. అచటివారు దీనిని "ఇనుప పంట" యందురు. 2014 మార్చిలో బెల్జియములోని ఈప్రు పట్టణమున నట్టి గుండు ప్రేలి యిద్దరు పనివారు మరణించిరి. ఆ గుండు భూమిలో చేరి యప్పటికి దాదాపు నూరేండ్లు. కొన్ని గుండ్లలో విషవాయువులును కలవు.

తుప్పు పట్టినది గనుక చచ్చినదని యనుకొనరాదు. పాతబడినకొలది లోపలి మందు మఱింత చపలమగుట కలదు. 2008 లో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రమున నొక సేకరణకర్త, అంతర్యుద్ధ కాలపు ఫిరంగిగుండును తన యింటి ముంగిట శుభ్రపరచుచుండగా నది ప్రేలి మరణించెను. ఆ యుద్ధము 1865 లోనే ముగిసినది. అతడీ పనిలో ననుభవము లేనివాడు గాదు. పూర్వ మెన్నో గుండ్లను బాగుచేసినవాడే. జర్మనీ యుత్తర తీరమున మఱియొక మోసము కలదు. యుద్ధకాలపు బాంబులనుండి సముద్రములో పడిన భాస్వరపు ముక్కలు ఒడ్డునకు కొట్టుకొనివచ్చి, పసుపుపచ్చని అంబరు రాళ్లవలె కనబడును. తడిగా నున్నంతసేపు ఊరకుండి, జేబులో నారినంతనే మండి దేహమును కాల్చును.

ఇవిగాక నిత్యమైన యపాయములు కలవు. నేలలోని విద్యుత్తు తీగకు గాని వాయుగొట్టమునకు గాని పార తగులవచ్చును. తుప్పు మేకు గుచ్చుకొని ధనుర్వాతము కలుగవచ్చును. ఇసుకలో లోతుగా త్రవ్విన గుంట కూలి మనుష్యుని కప్పివేయవచ్చును. పోటు వచ్చుచుండగా చెవులలో కూతలు వినుచున్నవాడు నీటి రాకను గమనింపకపోవచ్చును.

పాటింపవలసిన నియమములు

1. ఏ దేశమునకు పోయినను, ఆ దేశపు, ఆ ప్రాంతపు చట్టమును ముందుగా విచారింపుము. యంత్రమును వెంట కొనిపోవుటకు పూర్వమే యీ విచారణ జరుగవలెను.

2. యజమాని యనుమతిని వ్రాతమూలకముగా పొందుము. దొరకినదానిని పంచుకొనుటను గూర్చియు ముందే యొప్పందము చేసికొనుము.

3. ఒంటరిగా పోకుము. పోవుచోటును, తిరిగివచ్చు వేళను ఇంటివారికి చెప్పి పొమ్ము. ధనుర్వాతమునకు టీకా వేయించుకొనుము.

4. దున్నుటచే కదలిన పైమట్టిని దాటి త్రవ్వకుము. అడుగున కదలని పొరలో వస్తువులు గుంపుగా కనబడినచో చేయి ఆపి, చోటును గుర్తించి, నిపుణులను పిలువుము. కడుగకుము, తోమకుము.

5. గుండు వంటిది కనబడినచో ముట్టకుము, కదల్పకుము. వచ్చిన దారినే దూరముగా పోయి పోలీసులకు తెలుపుము. ఐరోపా దేశములలో 112 అను సంఖ్యకును, బ్రిటనులో 999 కును టెలిఫోను చేయవచ్చును.

6. త్రవ్విన ప్రతి గుంటను పూడ్చుము. పూడ్చని గుంటలో రైతు పశువు కాలు విరుగును. నీ తరువాత వచ్చువారికి అనుమతియు దొరకదు.

మన నేలను గూర్చి యొక మాట

ఇదంతయు పరదేశపు సంగతియని విడువరాదు. 1878 లో భారతదేశమున చేసిన నిధి చట్టము, 10 రూపాయలకు మించిన విలువగల నిధి దొరకినవాడు కలెక్టరునకు వ్రాసి తెలుపవలెనని విధించినది. 1972 నాటి చట్టము పురావస్తువుల యెగుమతిని కట్టడి చేసినది. ఈ కట్టుబాట్లకు మునుపు మనమేమి పోగొట్టుకొంటిమో అమరావతి చెప్పును. 18వ శతాబ్దము చివర నచటి మహాస్తూపపు దిబ్బను కట్టడపు రాళ్లకై త్రవ్విరి. శిల్పములు చెక్కిన పలకలలో కొన్ని గోడలలో కలిసినవి. కొన్ని సున్నమునకై కాల్చబడినవి. మిగిలినవానిలో పెక్కు మద్రాసులోను లండనులోను మ్యూజియములలో నున్నవి. అందుచేత ఏ పలక యెచట నిలిచియుండెనో తెలిసికొనుటకు పండితులు నేటికిని శ్రమపడుచున్నారు. గుప్తనిధుల పేరిట పాడుబడిన గుడులను రాత్రివేళ త్రవ్వువారు చేయునదియు ఈ పనియే.

విద్యార్థులారా! మీరు పొలమున నడచునప్పుడు గాని, పునాది త్రవ్వుచోట గాని యొక పాత నాణెము, చెక్కిన రాయి, పెంకు మీ కంటబడవచ్చును. దానిని తీసి పరుగెత్తకుడు. ఉన్నచోటనే యుంచి చూడుడు. ఏ దిక్కున, ఎంత లోతున నున్నదో కాగితముపై వ్రాసికొనుడు. ఉపాధ్యాయులకో, గ్రామాధికారికో చెప్పుడు. తలిదండ్రులారా! విదేశమునకు పోవు బిడ్డకు చలిబట్టలతోను పచ్చళ్లతోను పాటు ఈ నాలుగు మాటలును కట్టి పంపుడు: అడిగి త్రవ్వుము, ఆగి చూడుము, అనుమానమున్నచో ముట్టకుము, దొరకినచో దాచకుము.